మొక్కలు నాటి పిట్టలను పోగొట్టుకున్న బీడు: అనంతపురం జిల్లా నుంచి ఒక కేస్ స్టడీ

ఈ ఊరి పేరు రాయడం లేదు. కౌజు పిట్టలు మళ్లీ పెరిగాయని తెలిస్తే ఉచ్చులు, వలలు తీసుకుని వచ్చేవాళ్లు ఉన్నారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కౌజును పట్టడం నేరమే, అయినా చాటుమాటు అమ్మకాలు ఆగలేదు. అందుకే అనంతపురం జిల్లాలో గుట్టల కింద ఉన్న ఒక చిన్న ఊరు అనుకోండి. మనుషుల ఆనవాళ్లు కూడా తీసేశాను. జరిగింది మాత్రం జరిగినట్టే రాస్తున్నాను. మేము చేసిన తప్పులు మరీ వివరంగా రాస్తున్నాను, ఎందుకంటే అవే తప్పులు పక్క మండలాల్లో ఇప్పటికీ జరగడం చూస్తున్నాను.

ఊరు, బీడు, కుంట

ఊరికి పడమర 140 ఎకరాల మేత బీడు. దాని వాలులో కింద తొమ్మిది ఎకరాల కుంట. కుంట కట్ట దిగితే ఎర్రనేల పొలాలు. ముప్పై ఏళ్ల కింద ఆ పొలాల్లో కొర్ర, సజ్జ, జొన్న, కంది, అలసంద, ఆముదం కలిపి వేసేవాళ్లు. తర్వాత అంతా బుడ్డలే, అంటే వేరుశనగే. మా జిల్లాలో ఏడాదికి కురిసేది 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. ఆ కాస్త వానతోనే గట్టెక్కాలి కాబట్టి, నాలుగు డబ్బులు తెచ్చే వేరుశనగ వైపు రైతు పోవడం తప్పు అనలేం. కానీ పంట ఒక్కటే అయ్యేసరికి గింజలు తినే పిట్టకు ఏడాదిలో చాలా నెలలు పొలంలో ఏమీ మిగల్లేదు. గెనిమలను, అంటే పొలం గట్లను కూడా దున్ని కలిపేయడంతో పొదలూ పోయాయి.

బీడును సర్కారు తుమ్మ ఆక్రమించింది. ఊళ్లో అందరూ కంపచెట్టు అనే అంటారు. కుంట సగానికి పైగా పూడిపోయి, నిండి మరవ మీదుగా నీళ్లు పొర్లడం జనం మరిచిపోయారు.

బీళ్లు, కుంటలు బాగుచేయించే పని మాది. మమ్మల్ని పిలిచింది పిట్టల కోసం కాదు. గొర్రెలకు మేత లేదని కాపరులు, బోర్లు ఎండుతున్నాయని రైతులు అడిగారు. పిట్టల సంగతి ఎత్తింది ఆ ఊరి బడిలో పనిచేసే ఒక మాస్టారు. ఆయన తాను చూసిన ప్రతి పిట్టనూ ఈబర్డ్ అనే పక్షుల లెక్కల వెబ్‌సైట్‌లో నమోదు చేసే మనిషి. "సార్, నేను ఈ ఊరికి వచ్చిన కొత్తలో తెల్లారితే కౌజుల కూతకు మెలకువ వచ్చేది. ఇప్పుడు అలారం పెట్టుకుంటున్నా" అన్నారు. పాలపిట్ట కూడా తగ్గిందని, దసరా రోజు చూడాలంటే బండి మీద పక్క ఊరికి పోతున్నారని చెప్పారు. 2023లో వచ్చిన స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్ నివేదికలో దేశమంతటా బయలు నేలల పిట్టలు తగ్గుతున్నాయని, వాటిలో పాలపిట్ట కూడా ఉందని చదివినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఆ మాస్టారి మాటే.

పని మొదలు పెట్టకముందు ఆయనతో కలిసి బీడు, కుంట, పొలాల్లో పన్నెండు చోట్లు గుర్తు పెట్టుకున్నాం. ఒక్కో చోట తెల్లవారుజామున పది నిమిషాలు నిలబడి విన్నవీ కన్నవీ రాయడం, చలికాలంలో ఒకసారి, ఎండాకాలంలో ఒకసారి. పక్క ఊరి బీడులోనూ అదే లెక్క. అక్కడ మేము ఏ పనీ చేయలేదు. ఆ ఒక్క జాగ్రత్త తీసుకోకపోయి ఉంటే ఈ కేసు గురించి గట్టిగా ఏమీ చెప్పగలిగేవాణ్ణి కాదు.

మొదట చేసింది

ఉపాధి హామీ కింద వచ్చే పనులనే వాడుకుందాం అనుకున్నాం. ఆ పనులకు లెక్కలు వేరువేరుగా ఉంటాయి. మొక్కలు ఒక లెక్క, ట్రెంచ్‌లు ఒక లెక్క, కుంట పూడికతీత ఇంకో లెక్క. మేము కూడా అలాగే ఆలోచించాం: బీడు ఒక ప్రాజెక్టు, కుంట ఒక ప్రాజెక్టు, పొలం మూడోది. అసలు తప్పు అక్కడే జరిగింది. అది తెలియడానికి మూడేళ్లు పట్టింది.

బీడు చుట్టూ కందకం తవ్వించాం. లోపల వాలుకు అడ్డంగా ట్రెంచ్‌లు, వాటి గట్ల మీద కానుగ, వేప, నేరేడు. కంపచెట్లు నరికించాం. మొక్కలు బతకాలని రెండేళ్లు మేత పూర్తిగా ఆపాం. కుంటలో జేసీబీ పెట్టి లోతుగా తవ్వి, నాలుగు వైపులా గోడల్లా ఒడ్లు చెక్కించాం. ఎక్కువ నీళ్లు తక్కువ చోట నిలిస్తే ఆవిరి తగ్గుతుందని మా ఇంజనీరు చెప్పాడు. నీటి వరకు చూస్తే ఆ లెక్క సరైనదే. ఆ మట్టిని రైతులు ట్రాక్టర్లతో పొలాలకు తోలుకున్నారు. బోర్లలో నీళ్లు పెరిగాయి. ఊరంతా సంతోషపడింది. ఫోటోలు బాగా వచ్చాయి.

రెండో చలికాలం లెక్కలో పిట్టలు పెరగకపోగా తగ్గాయి.

ఎక్కడ తప్పాం

ముందు గడ్డి సంగతి. మేత ఆపిన మొదటి ఏడాది గడ్డి బాగా వచ్చింది, సంతోషించాం. రెండో ఏడాది బోదగడ్డి నడుము ఎత్తుకు లేచి, కింద ఎండు గడ్డి చాపలా పరుచుకుంది. నేల మీద నడిచి పురుగులు, గింజలు ఏరుకునే నేలపిచ్చుకలకు, తీతువులకు కాలు పెట్టే చోటు లేకుండా పోయింది. ఆ మార్చిలో అగ్గి అంటుకుంది. ఎవరు పెట్టారో తేలలేదు. ఎవరినీ అనుమానించడం నాకిష్టం లేదు, ఎందుకంటే మేత మూసేసి కాపరులను పొలాల మీదకు తోలింది మేమే. గొర్రెలు గెనిమలు దాటాయని ఆ రెండేళ్లలో ఎన్ని తగాదాలు జరిగాయో. అగ్గిలో మొక్కలు చాలావరకు పోయాయి.

బతికిన చెట్లు కూడా మేలు చేయలేదు. బయలు నేలలో ఎత్తుగా ఒక కొమ్మ ఉంటే దాని మీద కాకి వాలుతుంది. కాకికి అక్కడి నుంచి గూళ్లన్నీ కనిపిస్తాయి. చెట్టు మంచిదే, కానీ నేల మీద గుడ్డు పెట్టే పిట్టకు కావలసింది దూరం దాకా చూపు ఆనే నేల. ఇలాంటి నేలలను దేశపు బంజరు భూముల అట్లాసుల్లో బంజరుగా చూపిస్తూ వచ్చారు. బంజరు అనగానే పచ్చగా మార్చాలని చేతులు ఊరుకోవు. నా చేతులూ ఊరుకోలేదు.

ట్రెంచ్‌ల సంగతి రాయడం కష్టంగా ఉంది. మూడో ఏడాది జూన్‌లో ఒక తీతువు జంట ట్రెంచ్ గట్టు మీద తిరుగుతూ అరుస్తోంది. దగ్గరికి వెళ్లి చూస్తే రెండడుగుల లోతులో మూడు పిల్లలు. గుడ్డు పగిలిన రోజే నడిచే పిల్లలవి. నడుస్తూ అందులో పడ్డాయి, నిలువు గోడ ఎక్కలేవు. రెండింటిని పైకి తీశాం. ఒకటి అప్పటికే పోయింది. అరచేతిలో పట్టే ఆ బూడిద రంగు పిల్లను చూశాక, ఇలాంటి ట్రెంచ్‌లు ఎన్ని తవ్వించానో లెక్కపెట్టుకున్నాను.

కుంటలో కూడా అదే. నీళ్లు నిండుగా ఉన్నా కొంగలు, ఉల్లంకులు దిగడం లేదు. పొడుగు కాళ్ల పిట్ట కాలికి నేల అందాలి, ముక్కుకు బురద అందాలి. మేము చెక్కించిన ఒడ్డు దగ్గరే నిలువు లోతు. నీరు తగ్గే కొద్దీ బయటపడే బురద అంచు లేదు, తుంగ లేదు.

కంపచెట్లు నరికిన మొదళ్ల నుంచి నాలుగింతలు పిలకలు వేశాయి. ఇది ఊళ్లో ఎవరిని అడిగినా చెప్పేవారు. మేము అడగలేదు.

మలుపు

అగ్గి తర్వాత పంచాయతీలో మీటింగ్ పెడితే కాపరులు రాలేదు. నేనే ఒక పెద్దాయన మంద వెంట మూడు రోజులు తిరిగాను. ఆయనకు డెబ్బై దాటాయి. చిన్నప్పుడు ఆ బీడులో బట్టమేక పిట్టను (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) చూశాడు, దాని నడక కూడా చేసి చూపించాడు. రెండో రోజు ఆయన అన్న మాట నా నోట్‌బుక్‌లో అలాగే ఉంది.

"గొర్రి నోరు పడకపోతే గడ్డి ముసిలిదైతాది సారూ. ముసిలి గడ్డిలో పిట్ట నడ్సదు. మీరు బీటికి బీగం యేసినారు."

"మరి అంతా మేపితే గడ్డే ఉండదు కదా పెద్దాయనా?"

"అంతా ఒక్కతూరే మేపమని యెవురు జెప్పిరి? మా నాయన కాలంలో ముంగారు వానకు ఈ పక్క మేపేటోళ్లం, గడ్డి యిత్తనం రాలినాంక ఆ పక్క పోయేటోళ్లం."

మూడో రోజు మధ్యాహ్నం, ఎండ మండిపోతోంది. పొట్టి గడ్డి, గులకరాళ్లు ఉన్న చోట ఆయన చేయి అడ్డం పెట్టి నన్ను ఆపాడు. నాకేమీ కనిపించలేదు. వేలు చూపించాక, నా కాలికి రెండు జానల దూరంలో నాలుగు గుడ్లు. మట్టి రంగు మీద నల్ల మచ్చలు, చుట్టూ అదే సైజు రాళ్లు. దూరంగా జరిగి రేగుపొద చాటున కూర్చున్నాం. కాసేపటికి పసుపు ముక్కుజోలు తీతువు కుంట వైపు నుంచి వచ్చింది. దాని కడుపు ఈకలు తడిసి కిందికి అతుక్కుని ఉన్నాయి. గుడ్ల మీద ఆ తడి కడుపును ఆనించి, రెక్కలు కొంచెం ఎత్తి కూర్చుంది. నీళ్లలో కడుపు నానబెట్టుకుని వచ్చి గుడ్లను చల్లబరుస్తుంది. పుస్తకాల్లో చదివాను. కళ్ళారా చూడడం అదే మొదటిసారి. పొలంక పిట్టలదీ ఇదే పద్ధతి. మగ పొలంక కడుపు ఈకల్లో నీళ్లు పీల్చుకుని బీట్లో ఉన్న పిల్లలకు మోసుకెళ్తుంది, పిల్లలు ఆ ఈకలను చప్పరించి దాహం తీర్చుకుంటాయి.

గూడు బీట్లో ఉంది. నీళ్లు కుంటలో ఉన్నాయి. తిండి పొలం గెనిమ మీద ఉంది. మూడు బడ్జెట్ హెడ్లుగా మేము విడగొట్టింది ఆ పిట్టకు ఒకటే ఇల్లు. రోళ్లపాడు గుర్తొచ్చింది. అప్పటి కర్నూలు జిల్లాలో, ఇప్పటి నంద్యాల జిల్లాలో, బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యం ప్రకటించి ఆరు చదరపు కిలోమీటర్ల నేలను కాపాడారు. చుట్టూ ఉన్న మెట్ట పొలాలు కాలువ నీళ్లతో మారిపోయాయి. కృష్ణజింకలు పెరిగాయి, బట్టమేక పిట్ట తగ్గిపోయింది. దానికి అనేక కారణాలున్నాయి, కానీ కంచె లోపల మాత్రమే కాపాడితే సరిపోదనేది అక్కడ అందరూ చూసిన నిజం.

మార్చి చేసింది

బీడును మూడు పాళ్లు చేశాం. ఒక పాలు మొదటి ముంగారు వాన నుంచి గడ్డి విత్తనం రాలేదాకా మూసి ఉంటుంది. రెండోది పలచగా మేపుతారు. మూడోది బాగా మేపి పొట్టిగా ఉంచుతారు, తీతువులకు, నేలపిచ్చుకలకు అది కావాలి. కౌజుకు, పూరేడుకు మోకాలెత్తు గడ్డి కావాలి కాబట్టి మొదటి పాలు వాటిది. ఏడాదికోసారి పాళ్లు మారతాయి. ఏ రోజు మూయాలి, ఏ రోజు తెరవాలి అన్నది కాపరులే నిర్ణయిస్తారు. మేము తేదీలు పెడదామని చూశాం, పెద్దాయన ఒప్పుకోలేదు. వాన తేదీ చూసుకుని రాదు కదా అన్నాడు. ఆయన మాటే నిలిచింది. పాళ్ల మధ్య గొర్రెలతో గట్టిగా మేపించిన బాటలే అగ్గి గీతలయ్యాయి. ఆ తర్వాత ఒకసారి అగ్గి పుట్టినా ఒక్క పాలు దాటి పోలేదు.

కంపచెట్లను ఈసారి వేళ్లతో తీయించాం. బొగ్గు కాల్చుకునేవాళ్లకు కట్టె ఇచ్చి కూలి ఖర్చు కొంత తగ్గించాం. అన్నీ తీయలేదు. కౌజు రాత్రి ముళ్ల చెట్టు మీదే పడుకుంటుంది. ఉన్న ముళ్లన్నీ ఒకేసారి తీస్తే దానికి చోటుండదు. అందుకే గుంపులు గుంపులుగా కొన్ని వదిలి, పక్కన రేగు, కలివి పొదలు లేచాక వాటిని తీస్తూ వచ్చాం. (కలివి అంటే కడప వాళ్లకు వెంటనే కలివికోడి గుర్తొస్తుంది. అంతరించిందనుకున్న ఆ పక్షి 1986లో మళ్లీ కనిపించింది ఆ జిల్లా ముళ్లపొదల నేలలోనే. దాన్ని కూడా చెట్లు నాటి కాపాడలేం.) నేలలో ఉన్న కంప విత్తనం ప్రతి వానకూ మొలుస్తుంది. తడి ఆరకముందే పెరికేయాలి. కాయలు పండే ఎండాకాలంలో మేకలను బీట్లోకి వదలకూడదు, పేడలో విత్తనం తెచ్చి నాటేది అవే. ఈ పని ఎప్పటికీ అయిపోదు, ఏటా బడ్జెట్‌లో పెట్టుకోవాలి.

ట్రెంచ్‌లను పూడ్చలేదు. ప్రతి పది అడుగులకు ఒక వైపు గోడను పారతో వాలుగా చెక్కించాం, పిల్లలు ఎక్కి రావడానికి. ఒక్క రోజు కూలితో అయ్యే పని. ముందే తోచనందుకు ఇప్పటికీ బాధగా ఉంది.

కుంట విషయంలో ఊరితో పేచీ వచ్చింది. మొత్తం వాలుగా చేస్తే నీళ్లు తగ్గుతాయని రైతుల భయం, అందులో న్యాయం ఉంది. చివరికి మధ్యలో లోతు అలాగే ఉంచి, బీడు వైపు ఒడ్డును మాత్రం పది అడుగులు నడిస్తే ఒక అడుగు లోతు వచ్చేలా సాపు చేశాం. బీడు వైపే ఎందుకంటే తీతువులు, పొలంకలు వచ్చేది అటునుంచే. మరుసటి చలికాలానికే తుంగ వచ్చింది. ఉల్లంకులు దిగాయి. నీరు తగ్గే మార్చి నెలలో బురద అంచు మీద నల్ల కంకణం పిట్టలు పొడుగు ముక్కులతో పొడుచుకుంటూ కనిపించాయి.

పొలం

పొలంలో మొదటి ప్రయత్నం ఘోరంగా విఫలమైంది. ఎకరాలో ఒక పట్టీ దున్నకుండా వదలమని అడిగాం. ఇద్దరు ఒప్పుకున్నారు, వాళ్లు కూడా రెండో ఏడాది మానేశారు. అందులో అడవిపందులు దాక్కుంటాయని భయం. నెమళ్లు, పందులు పంట మీద పడుతుంటే "పిట్టలకు చోటివ్వండి" అనడం వాళ్లకు పుండు మీద కారంలా ఉంది. మా వాదన మార్చుకోవాల్సి వచ్చింది.

వాళ్లకు గుర్తున్నదాన్నే పట్టుకున్నాం. 2000లో కాండం కుళ్లు వైరస్ తెగులు మా జిల్లాలో లక్షల ఎకరాల బుడ్డలను తినేసింది. తామర పురుగులు ఆ వైరస్‌ను మోసుకురాకుండా పొలం చుట్టూ నాలుగు సాళ్లు జొన్న గానీ సజ్జ గానీ వేయమని శాస్త్రవేత్తలు అప్పుడే చెప్పారు. తెగులు భయం తగ్గాక ఆ సాళ్లూ పోయాయి. వాటిని మళ్లీ వేద్దామన్నాం. నాలుగింటిలో బయటి సాలు కంకులు కోయకుండా వదిలేయమన్నాం. తెగులుకు అడ్డం అనగానే చాలామంది వేశారు. ఆ సాలు గింజల మీద పిచ్చుకలు, గిజిగాళ్లు, జీనువాయిలు వాలాయి. పాత బావి మీదికి వంగిన ఈతచెట్టుకు ఎన్నో ఏళ్ల తర్వాత గిజిగాడు గూళ్లు కట్టింది.

తర్వాత పిట్టలు వాలడానికి ఎకరాకు పది చొప్పున పొలంలో పంగల కర్రలు నాటించాం. పసులపోలిగాడు ఆ కర్ర మీద కూర్చుని లద్దె పురుగును ఏరడం ఒక రైతు తన ఫోన్‌లో వీడియో తీసి నాకు పంపాడు. పాలపిట్ట కూడా ఆ కర్రలనే ఎంచుకుంది. మందు కొట్టడం ఊరంతా మానలేదు. మానిన పొలాల్లో తేడా రైతులే చెబుతున్నారు, నేను లెక్క కట్టలేదు.

ఒక చోట రెండు మంచి పనులు ఒకదానికొకటి అడ్డం వచ్చాయి. ఎండాకాలం దుక్కి చేస్తే ఎర్ర గొంగళి పురుగు కోశాలు పైకి తేలతాయి. గోరింకలు, కొంగలు నాగలి వెంటే వచ్చి ఏరుకుంటాయి. కానీ అదే నెలల్లో తీతువు బీడు పడ్డ చేలో గుడ్లు పెడుతుంది. దుక్కి ఆపమనలేం. ట్రాక్టర్ తోలే నలుగురు కుర్రాళ్లను మాస్టారు గూళ్ల దగ్గరికి తీసుకెళ్లి చూపించారు. తీతువు నెత్తి మీద తిరుగుతూ అరుస్తుంటే బండి ఆపి చూడాలి, గూడు కనిపిస్తే చుట్టూ నాలుగు రాళ్లు పేర్చి ఒక గది అంత నేల వదిలేయాలి, ఇదే ఒప్పందం. పోయిన ఏడాది రాళ్లు పేర్చిన గూళ్లు తొమ్మిది.

ఇప్పుడు ఎలా ఉంది

పని మార్చి ఐదేళ్లయింది. మొదట్లో రెండు మూడు చోట్ల మాత్రమే వినిపించిన కౌజు కూత, ఇప్పుడు పన్నెండు చోట్లలో సగానికి పైగా వినిపిస్తోంది. చలికాలంలో పిల్లిగద్దలు మూసిన పాలు గడ్డి మీద ఎత్తు తక్కువగా తిరుగుతున్నాయి. ఈ ఏళ్లలో రెండు మంచి వానలు పడ్డాయి, కొంత మెరుగు వాటి వల్లే వచ్చి ఉండవచ్చు. అయితే అవే వానలు పడిన పక్క ఊరి బీడులో కౌజు లెక్క మారలేదు. అందుకే మా పని కూడా కారణమేనని అంటున్నాను. పూరేడు పెరగలేదు, ఎందుకో అర్థం కావడం లేదు. బట్టమేక పిట్ట తిరిగి వస్తుందని ఎవరికీ ఆశ పెట్టడం లేదు.

కుక్కల సమస్యకు దారి దొరకలేదు. ఊరికుక్కలు తెల్లారేలోపు బీడంతా తిరిగి గుడ్లు తింటున్నాయి. గొర్రెల కాపలాకు కుక్క ఉండాల్సిందే కాబట్టి అన్నిటినీ దూరం పెట్టలేం. చచ్చిన గొర్రెలను బీట్లో పారేయకుండా పూడ్చడం ఈ ఏడాది మొదలు పెట్టాం. సోలార్ కంపెనీల మనుషులు బీడు గురించి వాకబు చేస్తున్నారని కూడా విన్నాం. కాగితాల్లో అది ఇంకా బంజరే. పంచాయతీ తీర్మానంలో "మేత బీడు, పక్షుల ఆవాసం" అని రాయించడానికి తిరుగుతున్నాను.

పెద్దాయన ఇప్పుడు మంద వెంట పోలేకపోతున్నాడు. మనవడు బెంగళూరు నుంచి తిరిగొచ్చి మంద తీసుకున్నాడు. ఈసారి రెండో పాలు మూయాలి. మొదటి ముంగారు వాన పడి నేల పదునెక్కిన రోజు ఫోన్ చేస్తానన్నాడు.